ఉత్తుత్తి సైగల కోచ్

వెర్లిన్ స్టకీ ప్రతి శనివారం నాలుగువేల మంది ఎదుట చేతులు తిప్పేవాడు. ఆ తిప్పడానికి అర్థం లేదు. అర్థం లేకుండా తిప్పడమే అతని ఉద్యోగం.

వెండ్లర్ కాలేజీలో, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో గీత పక్కన ముగ్గురు కోచ్‌లు నిలబడేవాళ్ళు, ఆకుపచ్చ టోపీ, తెల్ల టోపీ, నారింజ టోపీ పెట్టుకుని. తర్వాతి ఎత్తు ఏమిటో మైదానం మధ్యలో ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కి చేతులతో చెప్పాలి. ముగ్గురూ ఒకేసారి చెవులు లాక్కునేవాళ్ళు, మోచేతులు తట్టేవాళ్ళు, కడుపు నిమురుకునేవాళ్ళు. అందులో ఒక్కడివే అసలు సైగలు. మిగతా ఇద్దరూ డమ్మీలు. అవతలి జట్టువాళ్ళు దుర్భిణీలు పెట్టుకుని చూస్తుంటారు కనుక వాళ్ళని తికమక పెట్టడానికి. ఆ రోజు ఏ రంగు టోపీ అసలో పొద్దున్నే గది తలుపులు మూసి కుర్రాళ్ళకి చెప్పేవాళ్ళు. వెర్లిన్ టోపీ రంగు వారంవారం మారేది. అతని సంగతి మాత్రం మారలేదు.

పెద్ద కోచ్ డెల్ మక్రోరీ దానికి కారణం కూడా చెప్పాడు. "నీ మొహం చూస్తే ఏదో దాస్తున్నట్టుంటుందయ్యా స్టకీ. అవతలివాళ్ళు నిన్ను వదిలి ఇంకోణ్ణి చూడరు. దేవుడు నిన్ను డమ్మీగానే పుట్టించాడు."

డెల్ దాన్ని మెచ్చుకోలుగానే అన్నాడు. వెర్లిన్ ఆ మాటని ఇంటికి పట్టుకెళ్ళి కొన్ని నెలలపాటు తిరగేశాడు. తాను దాస్తున్నదేమిటి? గడ్డం గీసుకుంటూ అద్దంలో వెతికాడు. ఏమీ కనపడలేదు. దాచేదేదో ఉండి అది తనకే తెలియకపోవడం ఒక బాధ, ఏమీ లేకుండానే ఉన్నట్టు కనపడటం ఇంకో బాధ. రెంటిలో ఏది తనదో తేల్చుకోలేకపోయాడు.

సోమవారం నుంచి శుక్రవారం దాకా అతను నిజమైన కోచే. వరస చివర నిలబడే నలుగురు కుర్రాళ్ళకి భుజం ఎలా ఆనించాలో, బంతి రాకపోయినా వస్తుందన్నట్టు ఎలా పరిగెత్తాలో నేర్పేవాడు. రెండోది బాగా నేర్పేవాడని పేరు. ఇరవైరెండేళ్ళలో వెండ్లర్ అతనికి ఏడో కాలేజీ. పెద్ద కోచ్‌ని తీసేస్తే కింద ఉన్నవాళ్ళందరినీ తీసేస్తారు, కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. అందుచేత వెర్లిన్ తన తప్పు వల్ల ఎప్పుడూ ఉద్యోగం పోగొట్టుకోలేదు, తన గొప్ప వల్ల ఎప్పుడూ సంపాదించలేదు.

డమ్మీ పని మాత్రం తొమ్మిదేళ్ళనాడు, అయిదో కాలేజీలో మొదలైంది. మొదట్లో ఇచ్చిన జాబితా ప్రకారమే చేతులు తిప్పేవాడు. కాని మనిషి చేతులు ఎక్కువకాలం అబద్ధం చెప్పలేవేమో. ఒక శనివారం పన్ను సలిపి, ఆట మధ్యలో అతని చెయ్యి దానంతటదే నాలుగుసార్లు దవడ మీదికి వెళ్ళింది. ఇంటికి వచ్చేసరికి భార్య మార్లిస్ సోమవారం తొమ్మిదిన్నరకి పళ్ళ డాక్టరుతో మాట్లాడి పెట్టింది.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"నువ్వే. నాలుగువేల మంది ముందర."

ఆ రోజునుంచి వాళ్ళిద్దరికీ ఒక భాష ఏర్పడింది. మార్లిస్ ఏ కాలేజీ మైదానంలోనైనా ఇరవైరెండో వరసలో, ఎర్ర దిండు వేసుకుని కూర్చునేది. మోచెయ్యి రుద్దితే పొయ్యి ఆర్పి వచ్చావా అని. రెండు చెవులూ లాగితే మీ అక్క ఇంకా ఎన్నాళ్ళుంటుంది అని. నెత్తి మీద మూడుసార్లు కొట్టుకుంటే డెల్ ఇవాళ మంచి మూడ్‌లో లేడు, రాత్రి భోజనానికి పిలవకు అని. ఆమె తలతో అవుననో కాదనో చెప్పేది. ఇంట్లో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. మైదానంలో నిలబడితే మటుకు వెర్లిన్‌కి మాటలు ఆగేవి కావు. తనను ఒక్క మనిషి చదువుతోందన్న ఊహే అతన్ని ఆ తొమ్మిదేళ్ళూ నిలబెట్టింది.

ఆ భాషలో ఒక్క సైగని మాత్రం అతను ఒక్కసారే వాడాడు. రెండు చూపుడువేళ్ళతో గాలిలో ఒక చతురస్రం. ఓక్లహామాలో, ఆరో కాలేజీలో, ఆఖరి ఆట సగంలోనే ఓడిపోతున్నామని తేలిపోయినప్పుడు గీశాడు. పెట్టెలు, అని. కోచ్‌ల ఇళ్ళలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. సామాను సర్దడానికి సారా దుకాణంవాడి అట్టపెట్టెలకి మించినవి లేవు. గట్టివి, లోపల గళ్ళు కూడా ఉంటాయి. పెద్ద కోచ్‌ని తీసేశారన్న వార్త పొక్కితే ఆదివారానికల్లా తొమ్మిదిమంది కోచ్‌ల భార్యలు వాటికోసం క్యూ కడతారు. ఆ రోజు మార్లిస్ ఆట అవ్వకముందే వెళ్ళి ఇరవై పెట్టెలు తెచ్చేసింది. డిఫెన్స్ కోచ్ భార్య జోలీన్ పాలడబ్బాల సంచుల్లో గిన్నెలు సర్దుకోవలసి వచ్చింది. ఆవిడ భర్త కూడా ఇప్పుడు వెండ్లర్‌లోనే, కనక ఆ మాట ఇప్పటికీ ఎత్తి పొడుస్తుంటుంది.

వెండ్లర్‌లో ఆ చతురస్రంతో ఒక చిక్కు వచ్చింది. డెల్ పుస్తకంలో సరిగ్గా అదే సైగకి "కిటికీ" అని పేరు. బంతి పట్టుకుని నేరుగా మధ్యలోంచి దూసుకుపోయే ఎత్తు. వెర్లిన్ డమ్మీ కాబట్టి ఏం గీసినా ఒకటే, కనక నాలుగేళ్ళూ ఆ సైగ జోలికే పోలేదు. దాని చుట్టూ తిరిగి వెళ్ళేవాడు, నిద్రపోతున్న కుక్క చుట్టూ తిరిగినట్టు.

ఆ ఏడు ఇంకా జాగ్రత్త పడటానికి కారణం ఉంది. ఆ ఆగస్టులో మార్లిస్, బట్టలు మడతపెడుతూ, "నేనిక కదలను వెర్లిన్" అంది. కోపంగా అనలేదు. బల్ల మీద ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. ఆమెకి ఊరి బడిలో గ్రంథాలయం అప్పగించారు, తలుపు మీద పేరు రాశారు. పెరట్లో ఆస్పరాగస్ అనే కాడల కూర వేసింది. అది నాటాక మూడేళ్ళకి గాని కోతకి రాదు. అంతకుముందు మూడు ఇళ్ళల్లో నాటి, మూడింటిలోనూ పరాయివాళ్ళ కోసం వదిలి వచ్చింది. ఆ వసంతంలో మొదటిసారి తన చేత్తో కోసి, వెన్నలో వేయించి, నిలబడే తినేసింది. వెర్లిన్‌కి రెండు కాడలు ఇచ్చింది.

"అంటే, నాతో రానంటావా?" అని అతను అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది.

నవంబరు ఆఖరి ఆటకి జట్టు అయిదు గెలిచి అయిదు ఓడి ఉంది. కాలేజీ ప్రెసిడెంటు డెల్‌ని భోజనానికి పిలిచి, కాఫీ రాకముందే లేచి వెళ్ళిపోయాడట. దాని భావం చిన్న కోచ్‌లందరికీ తెలుసు. ఈ ఆట ఓడితే డెల్ ఉండడు. డెల్ లేకపోతే వెర్లిన్ ఉండడు. మార్లిస్ మాత్రం ఉంటుంది. ఆ వారమంతా అతను ఆ మూడు వాక్యాల్నీ వరసగా అనుకుంటూ పళ్ళు తోముకున్నాడు.

శనివారం గాలి కత్తిలా ఉంది. నాలుగు పావుల ఆటలో మూడో పావు మొదలయ్యేసరికి పదకొండు పాయింట్లు వెనకబడ్డారు. వెండ్లర్ ఏ ఎత్తు వేసినా అవతలివాళ్ళు ముందే అక్కడ నిలబడి ఉంటున్నారు. తమ సైగలు చదివేస్తున్నారని డెల్‌కి అర్థమైంది. అతను ఆకుపచ్చ టోపీవాణ్ణి ఒక తిట్టు తిట్టి, నారింజ టోపీ వైపు తిరిగాడు.

"స్టకీ, ఇప్పట్నుంచి నువ్వే అసలు. కుర్రాళ్ళకి చెప్పేశాను."

"నేనా, కోచ్?"

"నువ్వు డమ్మీవని నాలుగేళ్ళుగా అవతలివాళ్ళకి బాగా తెలుసు. నీకేసి ఎవడూ చూడట్లేదు. కిటికీ ఇవ్వు."

వెర్లిన్ చేతులు పైకి లేచాయి. ఇరవైరెండో వరస గుర్తొచ్చే ఉండాలి. తర్వాత ఎన్నిసార్లు తవ్వుకున్నా ఆ క్షణంలో గుర్తొచ్చిందో లేదో అతనికి తేలలేదు. అతను గాలిలో చతురస్రం గీశాడు. యాభై గజాల దూరంలో పదకొండుమంది కుర్రాళ్ళు ఒక్క పెట్టున కదిలారు. బంతి తొమ్మిది గజాలు ముందుకి వెళ్ళింది.

"మళ్ళీ," అన్నాడు డెల్.

మళ్ళీ గీశాడు. ఆరు గజాలు. మళ్ళీ. పన్నెండు. వెర్లిన్ లోపల ఏదో తెరుచుకుంది. తన వేళ్ళ కొసల నుంచి దారాలు బయల్దేరి అంత బలిసిన మనుషుల నడుములకి కట్టి ఉన్నట్టనిపించింది. నలభయ్యారేళ్ళ వయసులో మొదటిసారి అతను చేసినదానికి, జరిగినదానికి మధ్య ఖాళీ లేదు. చతురస్రాలు పెద్దవయ్యాయి, మూలలు పదునెక్కాయి. చివరికి తలుపంత ఎత్తున గీస్తున్నాడు. ఏడోసారికి బంతి అవతలి గీత దాటి టచ్‌డౌన్ అయింది. తేడా నాలుగు పాయింట్లకి దిగింది.

అప్పుడు, తొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ, ఎలా ఉంది అన్నట్టు ఇరవైరెండో వరస కేసి చూశాడు.

ఆమె లేదు. దిండూ లేదు. బాత్‌రూమ్‌కి వెళ్ళేవాళ్ళు దిండు తీసుకెళ్ళరు.

పక్కన కూర్చున్న జోలీన్ భుజాలెగరేసి, చేతిసంచీ చంకలో పెట్టుకుని గబగబా నడిచి వెళ్ళే మనిషిని అభినయించి చూపించింది. ఆవిడ బాగానే అభినయిస్తుంది.

వెర్లిన్ అక్కడే నిలబడి లెక్క చూసుకున్నాడు. ఏడు చతురస్రాలు. పెట్టెలు, పెట్టెలు, పెట్టెలు. కదలనని చెప్పిన మనిషికి నాలుగువేల మంది ఎదుట ఏడుసార్లు. పోనీ సరిదిద్దుదామన్నా ఖాళీ సీటుకి ఏం చెప్పాలి? ఆ మాటకొస్తే, ఆమె అక్కడే ఉన్నా "పొరపాటైంది" అనడానికి తమ భాషలో సైగే లేదని అతనికి అప్పుడు తట్టింది. అక్కగారికి సైగ ఉంది, పొయ్యికి ఉంది, పంటికి ఉంది. దీనికి లేదు. తొమ్మిదేళ్ళలో అవసరం పడలేదా, పడినా తాను పట్టించుకోలేదా?

చివరి రెండు నిమిషాల్లో బంతి మళ్ళీ వాళ్ళ చేతికొచ్చింది. అవతలి గీతకి నాలుగు గజాల దూరంలో ఆగింది. గడియారంలో పదకొండు సెకన్లున్నాయి.

"కిటికీ," అన్నాడు డెల్.

వెర్లిన్ చేతులు లేవలేదు. ఆ సైగ ఇవ్వకపోతే ఓడిపోతాం. ఓడిపోతే పెట్టెలు కట్టాలి. పెట్టెలు కట్టకుండా ఉండాలంటే పెట్టెలు అని చెప్పాలి. ఈ తర్కంలో తప్పు లేదు, అయినా అతని చేతులకి అది ఎక్కలేదు. ఎలాగో రెండు వేళ్ళూ ఛాతీ దగ్గరికి తెచ్చుకుని, తపాలా బిళ్ళంత చతురస్రం ఒకటి గీశాడు, లేని మనిషి కంట పడకుండా.

క్వార్టర్‌బ్యాక్ మెడ ముందుకి సాచి, కళ్ళు చికిలించి, రెండు అరచేతులూ పైకెత్తాడు. ఏమిటది, అని.

"కనపడేట్టు గియ్యవయ్యా," అన్నాడు డెల్, అతని మెడ మీద ఊపిరి వదులుతూ.

వెర్లిన్ కళ్ళు మూసుకుని, తన చేతులు ఎంత సాగితే అంత పెద్ద చతురస్రం గీశాడు. జనం కేకలు వినపడ్డాకే కళ్ళు తెరిచాడు. గెలిచారు.

అతను ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. ముందుగదిలో గోడ పొడుగునా పదకొండు అట్టపెట్టెలు వరసగా ఉన్నాయి. ప్రతిదాని మీదా గ్రంథాలయంలో పుస్తకాల వీపుల మీద రాసే గుండ్రటి అక్షరాలు. వెర్లిన్, టోపీలు. వెర్లిన్, చలికోట్లు. వెర్లిన్, మోకాలి పట్టీలు, మందులు. అతను ఒక్కొక్కటీ చదువుకుంటూ చివరిదాకా నడిచాడు. మళ్ళీ వెనక్కి నడిచాడు. మార్లిస్ అన్న పేరు దేని మీదా లేదు.

ఆమె వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"నీ పెట్టెలేవీ?" అన్నాడు.

"నావి ఎక్కడివక్కడే ఉన్నాయి."

"అది ఎత్తు, మార్లిస్. కిటికీ అంటారు దాన్ని. మధ్యలోంచి పరిగెత్తడం."

"అన్నిసార్లా?"

"పని చేస్తోంది కదా అని."

"మొదటిసారికే లేచాను. గేటు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఇంకా గీస్తున్నావు. ఇంత తొందరేమిటీ మనిషికి అనుకున్నాను." ఆమె ఇంకో దుంప తీసుకుంది. "గెలిచారా?"

"గెలిచాం."

"మంచిది. వాటిని ఇవాళ విప్పకు. నడుం విరిగిపోయింది నాకు."

వెర్లిన్ ముందుగదిలోకి వచ్చి కూర్చున్నాడు. అతన్ని కలవరపెట్టింది పెట్టెలు కాదు. పెట్టెలు పోను మిగిలిన ఇల్లు. తనవన్నీ తీసేశాక కూడా ఇల్లు వెలితిగా లేదు. అరల్లో పుస్తకాలు నిండుగా ఉన్నాయి. కిటికీ గట్టు మీద కుండీలు నిండుగా ఉన్నాయి. ఏడు ఇళ్ళ నుంచి మోసుకొచ్చిన అతని జీవితాన్ని ఒక ఆడమనిషి రెండు గంటల్లో, దేనికేది తేడా రాకుండా, చక్కగా సర్దిపెట్టింది. ఇల్లు దాన్ని గమనించినట్టే లేదు. ఇక్కడ కూడా తాను గీత పక్కనే నిలబడి ఉన్నాడన్నమాట. రాత్రి మందుల పెట్టెలోంచి టూత్‌బ్రష్ తీసుకుని పళ్ళు తోముకున్నాడు. తోముకుని మళ్ళీ ఆ పెట్టెలోనే పెట్టేశాడు. వెనక్కి తిరిగితే మార్లిస్ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఆదివారం పొద్దున్న డెల్ తన ట్రక్కు వేసుకుని, డజను డోనట్లు పట్టుకుని వచ్చాడు. అతను ఇంటికి రావడం నాలుగేళ్ళలో అదే మొదలు. గుమ్మంలోనే చెప్పడం మొదలుపెట్టాడు. దక్షిణాన ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో పెద్ద కోచ్ తన పాత స్నేహితుడట. బంతి చేతిలో ఉన్నప్పటి ఎత్తులన్నీ వచ్చి నువ్వే చూసుకో అన్నాడట. ఈ ఆట గెలిస్తే, అన్న షరతు మీద. డెల్ నిన్న రాత్రే సరేనన్నాడు. వెంట ఒక మనిషిని తెచ్చుకోవచ్చు.

"ఎనభైవేల మంది పట్టే మైదానమయ్యా. అసలు సైగలన్నీ నీవే. డమ్మీలుగా వేరేవాళ్ళని పెడదాం."

అప్పుడతని కళ్ళు గోడ వైపు మళ్ళాయి. పెట్టెల్ని చూసి మాట ఆపేశాడు.

"ఇదేమిటి? నేను నా పెళ్ళానికి పొద్దున్నే కదా చెప్పింది. నీకెలా తెలిసింది?"

"మార్లిస్ సర్దింది," అన్నాడు వెర్లిన్. అది నిజమే.

డెల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వంటింటి వైపు చూసి, కోచ్ భార్య అంటే నువ్వమ్మా, మా ఆవిడ ఇంకా ఏడుస్తూనే ఉంది అన్నాడు. వంటింట్లోంచి కొళాయి చప్పుడు వచ్చింది. డెల్ ఇక ఆలస్యమెందుకన్నట్టు చేతులు రుద్దుకుని, వంగి, టోపీల పెట్టె ఎత్తుకుని ట్రక్కు వైపు నడిచాడు.

వెర్లిన్ అతని వెనకే గుమ్మం దాకా వెళ్ళాడు. ఇరవైరెండేళ్ళుగా తాను అడగకుండా దాచుకున్నది, అద్దంలో వెతికినా కనపడనిది, ఆ ట్రక్కు మీద కూర్చుని తనకోసం వచ్చింది. వద్దనడానికి కారణం కావాలి. అతను కారణం కోసం వెతికాడు. ఆస్పరాగస్ అని చెప్పలేడు. తన వస్తువులు లేకపోయినా నిండుగా ఉన్న గది గురించి, ఆ గదిలో ఎలాగైనా చోటు కావాలనిపించడం గురించి, డెల్ మక్రోరీకి ఏ భాషలో చెప్పగలడు?

"కోచ్," అన్నాడు. "అది కింద పెట్టండి."

"బరువు లేదులే."

"బరువని కాదు. కింద పెట్టండి."

వంటింట్లో కొళాయి ఆగింది.

డెల్ పెట్టెతోనే ఇటు తిరిగాడు. అతని ముఖంలో కోపం లేదు, తమ సైగలు అవతలివాళ్ళు చదివేస్తున్నప్పటి అయోమయం ఉంది. "జనవరిలో కొత్తాయన వస్తాడు. తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. నిన్ను ఉంచడు. తెలుసా?"

"తెలుసు."

"మరి ఏం చేస్తావు?"

"తెలీదు."

డెల్ అతని మొహంలోకి చూశాడు. "ఇప్పుడు చూస్తే ఏమీ దాస్తున్నట్టు లేవయ్యా," అని, పెట్టెని మెట్ల మీద దించి, ట్రక్కు ఎక్కాడు. సగం దారిలో గుర్తొచ్చి వెనక్కి వచ్చి డోనట్లు తీసుకెళ్ళాడు.

మార్లిస్ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇద్దరూ వీధి కేసి చూశారు.

"విన్నావా?" అన్నాడు వెర్లిన్.

"కిటికీ తెరిచే ఉంది." చేతులు తుడుచుకున్న గుడ్డ భుజాన వేసుకుంది. "బడికి బస్సు నడిపే మనిషి కావాలి. ముసలి గెర్హార్ట్ క్రిస్మస్‌కి మానేస్తున్నాడు. తెల్లారి అయిదున్నరకి లేవాలి."

"నేను అయిదింటికే లేస్తానుగా."

"తెలుసు. పాతికేళ్ళుగా నన్నూ లేపుతూనే ఉన్నావు." ఆమె మెట్లు దిగి టోపీల పెట్టెకి ఒక వైపు పట్టుకుంది. "నువ్వా వైపు పట్టు. చలికోట్లు ముందు విప్పుదాం. ఇవన్నీ ఎక్కడ పెడతావో నువ్వే చెప్పాలి. నీ అల్మరాలో నా గ్రంథాలయం చీటీలు సర్దేశాను నిన్న."